రెండు శ్రీరాంపూర్‌ల నడుమ ఒక తోట లెక్క

మంచిర్యాల పక్కనున్న మా శ్రీరాంపూర్‌లో లెక్క లేనిదే ఏదీ కదలదు. బాయి దిగేవాడికి మస్టరు, పైకొచ్చే బొగ్గుకు టన్నులు, లారీకి చిట్టీ, ఓపెన్‌కాస్టులో తవ్విపోసిన మట్టికి ఘనపు మీటర్లు. ఆ మట్టిగుట్టల మీద సింగరేణి వాళ్ళు పెంచే మొక్కలకూ రిజిస్టరు ఉంటుంది: ఏ జాతి, ఎన్ని, ఏ నెలలో నాటారు, ఎన్ని బతికాయి. అడవిచెట్లకూ ఓ పాత లెక్క ఉంది. అటవీశాఖ బోర్డుల మీదా, వృక్షశాస్త్రం పుస్తకాల్లోనూ మన అడవిచెట్ల శాస్త్రీయ నామాలు చూస్తే చివర తోకలాగా ఓ పొట్టి మాట కనబడుతుంది: రాక్స్‌బ్. బీడీలు చుట్టే తునికాకు చెట్టు డయోస్పైరస్ మెలనోక్సిలాన్ రాక్స్‌బ్. సాంబ్రాణిలాంటి జిగురు కార్చే అందుగు బాస్వెల్లియా సెర్రేటా రాక్స్‌బ్. ఇనుమంత గట్టి నారేపి హార్డ్‌విక్కియా బైనేటా రాక్స్‌బ్. జిట్టేగి, ఎగిస, చెన్నంగి, అన్నిటి వెనకా అదే సంతకం. గోండులు దేవుడిలా చూసుకునే ఇప్పచెట్టును కూడా శాస్త్రంలో మొదట బాసియా లాటిఫోలియా అని పిలిచినవాడు అతనే.

ఆ సంతకం విలియం రాక్స్‌బర్గ్ అనే స్కాట్లండు వైద్యుడిది. గోదావరి కింది పాయల దగ్గర సామర్లకోటలో ఈస్టిండియా కంపెనీ కొలువులో ఉండి తోట పెంచాడు. తర్వాత కలకత్తా తోటకు అధికారిగా పోయాడు. ఆ తోట లెక్కలన్నీ చివరికి అచ్చయింది హుగ్లీ ఒడ్డునున్న ఇంకో శ్రీరాంపూర్‌లో. తన చెట్లకు ఎవరో దూరాన కూర్చుని పేర్లు రాశారని తెలిశాక ఏ ఊరివాడికైనా ఆ రాసిన చోటు చూడాలనిపిస్తుంది. ఫాల్గుణం వచ్చి మోదుగులు ఎర్రబారిన రోజుల్లో బయల్దేరాను.

మంచిర్యాల దాటగానే గోదావరి. ఆ వేళకు నీళ్ళు సన్నబడి ఇసుక వెడల్పయింది. రామగుండం పొగగొట్టాలు దాటాక రాళ్ళగుట్టలు, ఏరివేత అయిపోయిన పత్తిచేలు, గట్ల మీద ఒంటి తాళ్ళు. జమ్మికుంట, కాజీపేట, వరంగల్లు దాకా భూమి మన భూమిలాగే గరుకు. ఖమ్మం దాటాక మెల్లగా మెత్తబడుతుంది. బెజవాడ దాటితే ఇక చూపు ఆనేదల్లా పచ్చదనమే. మా దగ్గర కాలువ నీళ్ళు వచ్చిన రోజు ఊరంతా గట్టు మీదికి పోయి చూస్తుంది. అక్కడ పిల్లలు కాలువ వైపు తలైనా తిప్పకుండా బడికి పోతున్నారు. రాజమండ్రి వంతెన మీద మళ్ళీ గోదావరి ఎదురయింది. మంచిర్యాలలో చూసిన నదేనా ఇది అనిపించేంత వెడల్పు.

సామర్లకోట స్టేషను బయట పెసరట్టు తింటుంటే పక్కాయన పలకరించాడు. "ఏ ఊరండీ తమది?" మంచిర్యాల పక్కన శ్రీరాంపూర్ అన్నాను. "బొగ్గు గనులండీ! అబ్బో, బాగా ఎండలండీ మీకు." ఉప్మా ఇంకొంచెం వేయమని హోటలువాడికి నా తరఫున తనే పురమాయించాడు. మా దిక్కు కొత్తవాడు కనబడితే "ఏం పని మీదొచ్చినవన్నా?" అని సూటిగా అడుగుతారు, పని చెప్పాక ప్రాణమిస్తారు. ఇక్కడ ముందు తినిపించి తర్వాత పని అడుగుతారు. రెండూ మర్యాదలే, వరస వేరు. కంపెనీ వాళ్ళ కాలం నాటి తోట ఎక్కడుండేదని అడిగితే ఆయన ఆలోచించి, "తోటంటే కొబ్బరితోటాండీ, మామిడితోటాండీ?" అన్నాడు. మిరియాల తోట అన్నాను. నవ్వేశాడు. "మిరియాలు ఇక్కడెక్కడివండీ, మన్యంలో గానీ!"

ఆ నవ్వులో రెండు శతాబ్దాల చరిత్ర ఉందని ఆయనకు తెలియదు. 1776లో మద్రాసులో కంపెనీ వైద్యవిభాగంలో చేరిన రాక్స్‌బర్గ్‌ను 1781లో సామర్లకోట పంపారు. ఎడిన్‌బరోలో జాన్ హోప్ దగ్గర వృక్షశాస్త్రం చదువుకున్నవాడు కనుక సైనికుల జ్వరాలు చూడగా మిగిలిన పొద్దంతా మొక్కల మీదే. రాజమహేంద్రవరం వైపు కొండల్లో అడవి మిరియపు తీగ కనిపించింది. మిరియమంటే కంపెనీకి బంగారం. వెంటనే మద్రాసుకు ఉత్తరాలు నడిచాయి: నేల కావాలి, కూలీలు కావాలి, ఖర్చు మంజూరు చేయాలి. మిరియంతో పాటు దాల్చినచెక్క, కాఫీ, మల్బరీ, నీలిమందు, రంగుచెక్కలు, అన్నిటికీ ప్రయోగాలు జరిగాయి. పెద్దాపురం, పిఠాపురం జమీందారీల్లో రైతులు చెరుకు ఎట్లా నాటుతున్నారు, బెల్లం ఎట్లా వండుతున్నారు అన్నది చూసి వివరంగా నివేదిక రాశాడు. తర్వాతి కాలంలో సామర్లకోటకు చక్కెర ఫ్యాక్టరీ ఊరని పేరు వచ్చింది. ఆ నివేదిక రాసినవాడు చూస్తే పెద్దగా ఆశ్చర్యపోడు.

1793లో ఆయన కలకత్తా పోయాక తోట బెంజమిన్ హైన్ చేతికి వచ్చింది. టిప్పు సుల్తాను పతనమయ్యాక కంపెనీ చూపు బెంగుళూరు లాల్‌బాగ్ మీద పడింది. హైన్ అటు పోయాడు. సామర్లకోట తోట కథ అక్కడితో ముగిసింది. చాళుక్యుల నాటి భీమేశ్వరాలయం రెండంతస్తులతో చెక్కు చెదరకుండా ఉంది. అందులో శాసనాలున్నాయి కనుక ఎవరు ఏం దానమిచ్చారో ఇవాళ్టికీ చదువుకోవచ్చు. తోట ఆనవాలు మాత్రం కాగితాల్లోనే మిగిలింది.

ఆ కాగితాల్లో మొక్కల కన్నా విలువైనది ఇంకొకటుంది. రాక్స్‌బర్గ్ మద్రాసులో ఉన్నప్పటి నుంచీ రోజుకు మూడుసార్లు వాతావరణం కొలిచి రాసేవాడు. ఎంత వేడి, గాలి ఒత్తిడి ఎంత, వాన ఎంత. సామర్లకోటలోనూ ఆ అలవాటు మానలేదు. 1789 నుంచి కొన్నేళ్ళు వరసగా వానలు తప్పాయి. సర్కారు జిల్లాల్లో ఘోరమైన కరువు. ఆ ఏళ్ళ లెక్కలు ఆయన పట్టికల్లో నిలిచాయి. చరిత్రకారుడు రిచర్డ్ గ్రోవ్ 1998లో నేచర్ పత్రికలో రాస్తూ, 1789–93 నాటి కరువులు ప్రపంచమంతటినీ కుదిపిన ఎల్‌నినో ఫలితమని చూపడానికి వాడుకున్న ఆధారాల్లో రాక్స్‌బర్గ్ లెక్కలూ ఉన్నాయి. మిరియాల కోసం పెట్టిన తోటలో పక్కపనిగా రాసుకున్న వానల చిట్టా రెండువందల ఏళ్ళకు అక్కరకొచ్చింది.

కరువు చూశాక ఆయన ఉత్తరాల స్వరం మారింది. కొబ్బరి, తాడి, ఖర్జూరం, పనస, అరటి, సగ్గుబియ్యపు చెట్టు లాంటివి చెరువుగట్ల మీదా, కాలువల వెంటా నాటించాలని, వాన తప్పిన ఏడు జనానికి అవి ఆదరువు అవుతాయని పైవాళ్ళకు రాశాడు. పిఠాపురం వైపు పెద్దలను అడిగి, వందేళ్ళ కిందట ఇట్లాంటిదే ఇంకో కరువు వచ్చిందని తెలుసుకుని అదీ రాసుకున్నాడు. ఊరి ముసలివాళ్ళ నోట ఉన్నది ప్రభుత్వ దస్త్రంలోకి ఎక్కిన అరుదైన సందర్భమిది.

సాయంత్రం కాకినాడ జగన్నాథపురం వెళ్ళాను. ఒకప్పుడు డచ్చివాళ్ళ స్థావరం. లిన్నేయస్ శిష్యుడు యోహాన్ కోనిగ్ 1785లో విరేచనాల జబ్బుతో చనిపోయింది ఇక్కడే. కంపెనీ మొట్టమొదటి ప్రకృతి శాస్త్రవేత్త ఆయన. చివరి రోజుల్లో వైద్యం చేసింది రాక్స్‌బర్గ్. కోనిగ్ కాగితాలు లండన్‌లో వృక్షశాస్త్రజ్ఞుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు చేరాయి, అందుకే బతికాయి. రెండేళ్ళకు, 1787 మేలో, తుఫాను వచ్చి సముద్రం ఈ తీరం మీద పడ్డప్పుడు రాక్స్‌బర్గ్ పుస్తకాలు, కాగితాలు కొట్టుకుపోయాయి. మళ్ళీ మొదటి నుంచి రాయడం మొదలుపెట్టాడు. గొట్టం కాజా కొరుకుతూ వంతెన మీద నిలబడితే కింద పడవలు, పక్కన చేపల వాసన, దూరాన ఓడరేవు దీపాలు. తుఫాను హెచ్చరిక ఫోనుకే వచ్చే రోజుల్లో మనం కాగితాన్ని తేలిగ్గా తీసుకుంటాం. ప్రతి ఉత్తరానికీ నకలు రాయించి ఒకటి మద్రాసులో, ఒకటి లండన్‌లో ఉంచే కంపెనీ గుమాస్తా పద్ధతి అంటే నాకు నవ్వొచ్చేది. ఈ తీరంలో నిలబడ్డాక నవ్వు పోయింది. నీళ్ళకు అందని చోట ఇంకో నకలుండబట్టే ఆ కాలం మనకు తెలుస్తోంది.

కాకినాడ నుంచి ఉత్తరానికి పోతుంటే ఎలమంచిలి దాటే దాకా కిటికీ వదల్లేదు. ఏటికొప్పాక అటు పక్కనే. లక్కబొమ్మలు చేసే అంకుడు కర్ర చెట్టు ఆకుల నుంచి నీలిరంగు తీయవచ్చని రాక్స్‌బర్గ్ పరీక్షించి రాశాడు. నీలిమందు మొక్క కోసం పొలాలు ఆక్రమించనక్కర లేదు, అడవిలో ఉన్న చెట్టే రంగిస్తుంది అన్నది ఆయన వాదం. కంపెనీ అది వినలేదు. చెట్టు మటుకు బొమ్మలవాళ్ళకు అన్నం పెడుతోంది. మా నిర్మల్‌లో పొనికి కర్ర చేసే పని ఇక్కడ అంకుడు చేస్తుంది. పొనికి నిర్మల్ చుట్టుపక్కల అడవిలో కరువైపోతోందని అక్కడి బొమ్మలవాళ్ళు మొత్తుకుంటారు. ఏటికొప్పాకలోనూ కర్ర మాటే వినబడుతుంది. చేతిపని నిలవాలంటే ముందు చెట్టు లెక్క తెలియాలి.

చిలక సరస్సు, మహానది, సువర్ణరేఖ దాటి హౌరా చేరితే అరుపుల హోరు. శిబ్‌పూర్ తోట గేటు లోపలికి అడుగు పెట్టగానే ఆ హోరు వెనకబడింది. ఇప్పటి పేరు ఆచార్య జగదీశ్ చంద్రబోస్ భారత వృక్షోద్యానం. పుట్టింది 1787లో. దాన్ని పుట్టించింది ఒక ఉత్తరం. రాబర్ట్ కిడ్ అనే సైనికాధికారి 1786లో గవర్నరు జనరలుకు రాస్తూ, బెంగాల్ కరువుల మాట ఎత్తి, సగ్గుబియ్యం, ఖర్జూరం లాంటి తిండిచెట్లు తెప్పించి పెంచి జనంలోకి పంచే తోట కావాలన్నాడు. అరుదైన మొక్కల ప్రదర్శనశాల అక్కరలేదని కూడా అందులోనే తేల్చి చెప్పాడు. ఓడలు కట్టే టేకు సంగతీ దానితో కలిసింది. మన గోదావరి జిల్లాల టేకు బెంగాల్ నేలలోకి వచ్చింది ఆ రోజుల్లోనే. ఆదిలాబాద్ టేకు చూసి పెరిగిన కళ్ళకు హుగ్లీ ఒండ్రు మట్టిలో లావెక్కిన టేకు చుట్టమే గానీ కాస్త పరాయిగా తోచింది. ఎండలో ముదిరిన కర్రకుండే బిగువు దాని వాలకంలో లేదు.

అందరూ వెళ్ళేది మహావటం దగ్గరికి. మొదటి మొదలు శిలీంధ్రం పట్టి 1925లో తీసేశారు. ఊడలు మాత్రం వేల కొద్దీ నేలలో దిగి చెట్టును మోస్తున్నాయి. తోట పత్రాలకూ ఇదే వర్తిస్తుంది. రాసినవాడు పోయినా నకళ్ళు ఎక్కడికక్కడ వేళ్ళూని నిలబడ్డాయి.

1793లో కిడ్ చనిపోయాక వచ్చిన రాక్స్‌బర్గ్ ఈ తోటకు జీతం తీసుకున్న తొలి అధికారి. చేరినప్పుడు తోటలో ఉన్నవి సుమారు 300 జాతులు. ఇరవై ఏళ్ళ తర్వాత పోయేనాటికి సుమారు 3,500. ఆ పెంపు వెనక ఉన్నది ఉత్తరాల వ్యాపారమే. మలయా నుంచి ఓడ కెప్టెను మొక్క తెచ్చేవాడు, సిల్హెట్ నుంచి ఇంకొకరు గింజలు పంపేవారు. ఏది ఎవరు పంపారు, ఏ ఏడు వచ్చింది, ఎక్కడిది, ఎప్పుడు పూసింది, ఎప్పుడు కాసింది, అన్నీ పట్టికకు ఎక్కేవి. నదివైపు ఆయన కట్టించుకున్న ఇల్లు ఇప్పటికీ ఉంది. అక్కడి మెట్ల మీద కూచుంటే ఓడ రావడం, మొక్కల పెట్టెలు దిగడం, గుమాస్తా పుస్తకం తెరవడం కళ్ళకు కట్టినట్టుంటుంది.

చిత్రకారులూ ఉండేవారు. సామర్లకోట రోజుల నుంచే రాక్స్‌బర్గ్ దేశీయ చిత్రకారులను పెట్టుకుని ప్రతి మొక్కకూ నిలువెత్తు బొమ్మ వేయించేవాడు. అందులోంచి జోసెఫ్ బ్యాంక్స్ ఎంపిక చేసిన 300 బొమ్మలు 1795 నుంచి లండన్‌లో కోరమాండల్ తీరపు మొక్కలు అన్న గ్రంథంగా మూడు సంపుటాల్లో వెలువడ్డాయి. మన తునికి, ఇప్ప మొదట ప్రపంచం ముందుకు వచ్చింది అందులోనే. మొత్తం బొమ్మలు 2,500కు పైగా. ఒక ప్రతి లండన్ క్యూ తోటలో, ఒకటి కలకత్తాలో భద్రం. సోమిద చెట్టు బెరడు జ్వరానికి సింకోనా బదులు పనికొస్తుందని రాసి పంపింది కూడా ఈయనే. ఆ చెట్టు జాతికి శాస్త్రలోకం తర్వాత సోయ్‌మిడా అనే పేరు పెట్టింది. మన రైతు పిలిచిన పిలుపు లాటిన్ పట్టికలో కూచున్నది.

ఒక చెట్టు కింద ఆకులు ఊడుస్తున్న మాలి దగ్గర ఆగాను. నాకు బెంగాలీ రాదు, ఆయనకు తెలుగు రాదు, ఇద్దరికీ వచ్చిన ముక్కల హిందీలో మాట సాగింది. ఇప్పచెట్టు ఎక్కడుందని అడిగి, పూల గురించి చేతులతో చెప్పాను. "ఓ, మొహువా! ఆసున్, దాదా" అంటూ చీపురు పక్కన పెట్టి ముందు నడిచాడు. చెట్టు చూపించి, వాళ్ళ పురూలియాలో ఆ పూలతో ఏమేం చేస్తారో చెప్పాడు. ఎండబెట్టడం, వండుకోవడం, సారా కాయడం, పండగ నాడు ముందు దేవుడికి పెట్టడం. మా ఉట్నూరు, జన్నారం వైపు వినే మాటలే. ఆయన ఊరికీ మా అడవికీ నడుమ ఎన్ని వందల మైళ్ళున్నా పూవు కింద పడే వేళ ఒకటే, తెల్లవారుజామున బుట్ట పట్టుకుని ఏరే పద్ధతీ ఒకటే. బోర్డు మీద లాటిన్ పేరు, బెంగాలీ పేరు ఉన్నాయి. ఆయన చెప్పింది ఏ బోర్డు మీదా లేదు.

రాక్స్‌బర్గ్ తర్వాత ఈ కుర్చీలో ఎక్కువకాలం కూచున్నవాడు నథానియేల్ వాలిచ్, 1817 నుంచి 1846 దాకా. డెన్మార్కు దేశపు వైద్యుడు. హుగ్లీ ఒడ్డు శ్రీరాంపూర్‌లో డేనిష్ కొలువులో ఉండగా 1808లో ఇంగ్లీషువాళ్ళు ఆ ఊరు పట్టుకుని ఈయన్ను ఖైదు చేశారు. మొక్కలు తెలిసినవాడని రాక్స్‌బర్గ్ విడిపించుకున్నాడు. వాలిచ్ తన కాలంలో పోగైన ఎండుమొక్కలకు అంకెలు వేసి, సొంత చేతిరాతతో జాబితా చేసి రాయిఅచ్చు వేయించాడు. ఆ అంకెలు 9,000 దాటాయి. వృక్షశాస్త్రజ్ఞులు ఇవాళ్టికీ వాలిచ్ నంబరు అనే అంటారు. ఆయన సెలవులో ఉండగా 1842 నుంచి రెండేళ్ళు తోట చూసిన విలియం గ్రిఫిత్ మాత్రం, తోటకు శాస్త్రీయమైన అమరికే లేదని నివేదిక రాసి, ఉన్న బాటలూ చెట్లూ తీయించి తన పద్ధతిలో మార్పించాడు. వాలిచ్ తిరిగొచ్చి చూసి గుండె బాదుకున్నాడు. ఒక అధికారి పెంచిందాన్ని తర్వాత వచ్చినవాడు నరికించడం మన ఊళ్ళకూ కొత్త కాదు. చెట్టు నరకవచ్చు, నంబరు వేసి రాసిపెట్టిన జాబితాను నరకడం కష్టం. వాలిచ్‌ను నిలబెట్టింది అదే.

హౌరా నుంచి లోకల్ బండిలో పోతే శ్రీరాంపూర్‌కు ఒక స్టేషను ముందు రిష్‌డా. భారతదేశపు తొలి జూటు మిల్లు 1855లో లేచిన చోటు. కిటికీలోంచి పాత ఇటుక పొగగొట్టాలు కనిపిస్తుంటే రాక్స్‌బర్గ్ ఇక్కడా గుర్తుకొచ్చాడు. 1790ల్లో తాడుకు పనికొచ్చే నారలన్నీ పరీక్షించి, జనపనార మోపు ఒకటి లండన్ డైరెక్టర్లకు పంపుతూ స్థానికులు జూట్ అంటారని రాసింది ఆయనే. ఒక తోట అధికారి పంపిన మచ్చు నార అరవై ఏళ్ళకు మిల్లులయింది. నార ఉన్నంత మాత్రాన మిల్లు తిరగదు, బొగ్గు కావాలి. అది రాణిగంజ్ ఇచ్చింది. మన సింగరేణి బొగ్గును 1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ సర్వే అధికారి విలియం కింగ్ గుర్తించాక ఇదే వరస మనకూ మొదలయింది. ఒక సర్వే నివేదిక, దాని వెంట బాయిలు, దాని వెంట మా కాలనీలు. శ్రీరాంపూర్ క్వార్టర్లలో పుట్టి పెరిగిన నాలాంటివాళ్ళందరం ఒక ప్రభుత్వ కాగితం వల్ల ఆ ఊళ్ళో పుట్టినవాళ్ళమే. బొగ్గు మాత్రం ఏమిటి? 25 కోట్ల ఏళ్ళ పైబడిన గ్లోసోప్టెరిస్ అనే మొక్కల అడవి. ఆ అడవిని తవ్వితీసి, ఆ మట్టి మీద కొత్త అడవి పెట్టాలని చూస్తున్నాం.

బెంగాల్ శ్రీరాంపూర్ నదిని చూస్తూ తీరిగ్గా కూర్చున్న ఊరు. 1755 నుంచి 1845 దాకా డెన్మార్కు వాళ్ళది, వాళ్ళ రాజు పేర ఫ్రెడరిక్‌నగర్. సెయింట్ ఓలాఫ్ చర్చి, పాత డేనిష్ సత్రం బాగుచేసి నిలిపారు. పడవరేవు దగ్గర అటుపక్క బారక్‌పూర్ కనబడుతుంది. రేవులో ముడి, అంటే మరమరాలు, అమ్మే బండివాడు ఆవనూనె చుక్కలేసి, పచ్చిమిర్చి, కొబ్బరిముక్క కలిపి కాగితం పొట్లం చేతిలో పెట్టాడు. కారం చాలదన్నట్టు నా ముఖం కనబడిందేమో, అడగకుండానే ఇంకో మిర్చి తరిగి వేశాడు. మా దిక్కు మక్కప్యాలాలు, సర్వపిండి తినే నోటికి ఆవనూనె ఘాటు మొదట ముక్కుకెక్కింది, తర్వాత అలవాటయింది. మట్టి ముంతలో మిష్టి దొయి, అంటే తీపి పెరుగు, తిన్నాక ఆ ఘాటుకూ ఈ తీపికీ లెక్క సరిపోయింది.

విలియం కేరీ కట్టిన శ్రీరాంపూర్ కళాశాల 1818 నాటిది. తెల్లటి స్తంభాలు, ముందు పచ్చిక, అవతల నది. కేరీ మతప్రచారకుడిగానే మనకు ఎక్కువ తెలుసు. ఆయనకు మొక్కల పిచ్చి కూడా. ఇక్కడే పెద్ద తోట పెంచాడు. 1820లో వ్యవసాయ, ఉద్యాన సంఘం పెట్టాడు. 1823లో దామోదర్ వరద తోటను ముంచేస్తే మళ్ళీ పెంచాడు. ఆయన ముద్రణాలయం 1812 మార్చిలో తగలబడింది. తూర్పు భాషల అచ్చు అక్షరాలు కరిగిపోయాయి, రాతప్రతులు బూడిదయ్యాయి. అక్షరాల మూసలు మిగలడంతో నెలల్లోనే మళ్ళీ పోతపోసి పని మొదలుపెట్టారు.

రాక్స్‌బర్గ్ ఆరోగ్యం చెడి 1813లో దేశం వదిలాడు. తన మొక్కల గ్రంథం ఫ్లోరా ఇండికా రాతప్రతి కేరీ దగ్గర ఉంచి పోయాడు. 1814లో ఈ ముద్రణాలయం నుంచి హోర్టస్ బెంగాలెన్సిస్ వచ్చింది. కలకత్తా తోటలో ఉన్న మొక్కలన్నిటి పట్టిక: పేరు, పుట్టిన చోటు, ఇచ్చినవారు, వచ్చిన ఏడు, పూసే వేళ, కాసే వేళ. తోట అధికారి ఇరవై ఏళ్ళ రిజిస్టరే అది. అదే ఏడు అదే అచ్చుయంత్రం నుంచి ఇంకో పుస్తకం కూడా వచ్చింది, కేరీ రాసిన తెలుగు వ్యాకరణం. మన చెట్ల లెక్కా, మన మాటల లెక్కా ఒకే ఏడాది, ఒకే ఊళ్ళో, ఒకే చూరు కింద అచ్చయ్యాయి. తెలుగునేలకు ఇంత దూరంలో! రాక్స్‌బర్గ్ 1815 ఫిబ్రవరిలో ఎడిన్‌బరోలో చనిపోయాడు. ఫ్లోరా ఇండికా తొలి సంపుటం 1820లో కేరీ, వాలిచ్‌ల చేతుల మీదుగా ఇక్కడే వెలువడింది, రెండోది 1824లో. మొత్తం పుస్తకం 1832లో గానీ పూర్తి కాలేదు. దాన్ని చూసుకున్న కేరీ 1834లో కన్నుమూసి ఈ ఊళ్ళోనే మట్టిలో కలిశాడు.

కళాశాల పచ్చిక మీద కూచుని ఫోనులో ఆ 1814 నాటి పట్టిక నకలు తిరగేస్తుంటే, ఇచ్చినవారి కాలమ్ దగ్గర చూపు ఆగింది. కెప్టెన్లు, వైద్యులు, పాదరీలు, కేరీ కూడా. ప్రతి గడిలో ఎవరో ఒక దొర. పక్కన తెలింగ పేరనో, సంస్కృత పేరనో, బెంగాలీ పేరనో రాసి ఉన్న పుస్తకాలు చదివితే ఆ పేర్లు చెప్పింది ఎవరన్న ప్రశ్న రాక మానదు. కొండెక్కి మిరియపు తీగ చూపింది ఎవరు? తునికిని తుమిద అనే అంటామని, దాని నల్లచేవ ఇట్లా ఉంటుందని చెప్పింది ఎవరు? సోమిద బెరడు నమిలి చేదు చూడమన్నది ఎవరు? రెండున్నర వేల బొమ్మలు వేసిన చేతుల్లో పేరు తెలిసినవి అతి తక్కువ. మస్టరులో పేరుంటేనే కూలి పడుతుందని బొగ్గుబాయి కార్మికుడికి చిన్నప్పుడే తెలుస్తుంది. వాళ్ళ మస్టరు ఎక్కడా పడలేదు.

అట్లాగని రాక్స్‌బర్గ్‌ను తీసిపారేయలేను. కంపెనీ లాభం కోసం జీతానికి వచ్చినవాడే. అయినా స్థానికుల మాటను గాలికి వదిలేయకుండా, తనకు పట్టుబడిన అక్షరాల్లో, తెలుగు పేరును తెలుగు పేరుగానే రాసి పెట్టాడు. వానను వానగా, కరువును కరువుగా రాశాడు. పైవాళ్ళు విన్నా వినకున్నా రాశాడు. అధికారి రాతలో ఇంతకన్నా పెద్ద నిజాయితీ అడగలేం. అడగాల్సింది ఆయన వదిలేసిన గడి గురించి. అది నింపే అవకాశం ఆయనకన్నా మనకే ఎక్కువ. చెప్పేవాళ్ళ భాష మన భాష, వాళ్ళ ఊరు మన పక్క ఊరు.

తిరిగొచ్చాక మా దిక్కు చెట్లు చూసే చూపు మారింది. ఎండలు ముదిరితే తునికాకు కల్లాలు మొదలవుతాయి. యాభై ఆకుల కట్ట లెక్కన ఆడవాళ్ళు కట్టలు కట్టి ఆరబెడతారు. ఏ చెట్టు ఆకు మెత్తన, ఏ గుట్ట ఆకు బీడీకి పనికిరాదు, కొమ్మ ఎప్పుడు కొడితే చిగురు బాగా వస్తుంది, వాళ్ళకు తెలిసినంత ఏ గ్రంథంలోనూ లేదు. ఆసిఫాబాద్, ఉట్నూరు వైపు గోండులూ కొలాములూ ఒకే చెట్టుకు కాయకో పేరు, పూవుకో పేరు, ఎండిన పూవుకో పేరు పెట్టి పిలుస్తారు. ఆ పేర్లు చెప్పే ముసలివాళ్ళు ఏడాదికేడాది తగ్గిపోతున్నారు. మరోపక్క రాష్ట్రంలో మొక్కలు నాటే హరితహారం కార్యక్రమం 2015లో మొదలయ్యాక ఊరూరా నర్సరీ, నర్సరీకో రిజిస్టరు వచ్చాయి. మొక్క సంఖ్య ఉంటుంది, సంచుల లెక్క ఉంటుంది, బతికిన శాతం ఉంటుంది. గింజ ఏ చెట్టుది, ఏ గుట్టది, ఎవరు ఏరి తెచ్చారు, వాళ్ళు దాన్నేమంటారు అన్నదానికి చోటు లేదు. మట్టిగుట్టల మీద పెరిగే అడవికి రేపు ఎవరైనా చరిత్ర రాయాలంటే చేతికొచ్చేది అంకెలే.

తోటలు పోతాయి. సామర్లకోట తోట పోయింది, కేరీ తోటను వరద ముంచింది, శిబ్‌పూర్ బాటలను ఓ అధికారి మార్చేశాడు. వాటి గురించి ఇంత మాట్లాడుకోగలుగుతున్నది రాతవల్లనే. మీ ఊరి నర్సరీ రిజిస్టరు ఎప్పుడైనా చేతికొస్తే, సర్పంచునో కార్యదర్శినో అడిగి ఇంకో రెండు గీతలు గీయించండి. ఒక కాలమ్‌లో ఊరు పిలిచే పేరు. రెండో కాలమ్‌లో ఆ పేరు చెప్పినవాళ్ళ పేరు.